లై పిండి

తెల్లగానే ఉందనుకుంటే తెల్లగానే ఉంది, అసలు ఆ వేళప్పుడు పిండి తెల్లగా కాక ఇంకెలా కనిపిస్తుంది, బండి మీద వేలాడే ఎల్‌ఈడీ బల్బు కింద తన అరచెయ్యే నీలంగా ఉంటుంది, అరచెయ్యి నీలంగా ఉందని ఎవడైనా పని ఆపి ఆలోచిస్తాడా? ఈ వాదన దగ్గరికి వచ్చినప్పుడల్లా పరుశురాం కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. పదకొండు రోజులుగా తిప్పి తిప్పి వాడుతున్న వాదన. మొదట్లో దానితో ఒక పూట గడిచేది. ఇప్పుడు ఒక గ్లాసు నీళ్లు తాగేంతసేపు కూడా ఆగడం లేదు.

ఎవరో అతని ముందు ఇస్తారి పరిచి వెళ్లారు.

గుజరాత్‌లోని ఉన్ బస్తీలో వాళ్ల గల్లీకి అడ్డంగా ఎర్ర షామియానా కట్టారు. మధ్యాహ్నపు ఎండ దానిలోంచి దిగి, రెండు బంతుల్లో కూర్చున్న నలభై మంది ముఖాల మీదా ఒకే రంగు పూసింది. మొండయ్య దినాలు. గోడకి ఆనించిన కుర్చీలో అతని ఫోటోకి దండ వేశారు. సచిన్ కార్ఖానాల్లో పదహారేళ్లు మగ్గాల మీద పనిచేసిన మనిషి, ఫోటోలో మాత్రం తల దువ్వుకుని, మెడ బిగించుకుని, కొత్త అల్లుడిలా ఉన్నాడు. పెళ్లి ఫోటో ఒక్కటే దొరికిందేమో. పదిహేను రోజుల కింద ఒక పొద్దున పరుశురాం బండి దగ్గర నిలబడి మైసూర్ బజ్జీలు తిన్నాడు. అరగంటకి నీలిపచ్చ వాంతులు మొదలయ్యాయి. నాలుగో రోజు ఆసుపత్రిలో పోయాడు. ఆ పొద్దున తిన్న మరో తొమ్మిదిమంది వాంతులు చేసుకుని బతికారు.

ఆ తొమ్మిదిమందిలో ఒకడు, గోపాల్, ఇప్పుడు పరుశురాం పక్కనే కూర్చున్నాడు. "నేను కక్కిన రంగుకు మా గల్లీ మోరి అంత రంగుల కార్ఖాన మోరి లెక్కయిందే అన్నా," అంటున్నాడు అవతలి మనిషితో. అవతలి మనిషి నవ్వబోయి, ఫోటో వైపు చూసి, మానుకున్నాడు.

ఇంటింటికీ పెరుగు పోసే ముసలి గంగవ్వ షామియానా బయట, నల్లా గద్దె మీద కూర్చుని ఉంది. ఆమె ముందు ఎవరూ ఇస్తారి వెయ్యలేదు. ఎండ నేరుగా ఆమె నెత్తి మీద పడుతోంది.

ఆ చాల్ మొత్తానికి యజమాని, డెబ్బై ఏళ్ల గుజరాతీ శేఠ్, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ సాసర్లో పోసుకుని తాగుతున్నాడు. ఆయనకి కావలసింది ఒక్క మాట. ముసలమ్మని గదిలో ఉండనివ్వాలా, పంపించాలా. మీ వాళ్లే చెప్పండి, మీ గల్లీ గొడవలు నాకెందుకు అని, ఆ మాట చెప్పే పనిని మొండయ్య అన్న రాజనర్సు మీద పెట్టాడు. రాజనర్సు ఇక్కడి తెలుగువాళ్లకి పెద్దమనిషి కూడా. బంతి అయ్యాక చెప్తానన్నాడు. ఏం చెప్తాడో అందరికీ తెలుసు. గంగవ్వ పెద్దల ముందు నేలకి చేతులు ఆనించి తప్పయింది అనాలి, అన్నాక సామాను కట్టుకోవాలి. ఆమె ఒప్పుకుంది.

అంటే బంతి లేచే వరకు సమయం ఉంది. పరుశురాం ఇస్తారి వంక చూశాడు. ఇంకా ఉప్పు కూడా వడ్డించలేదు.

రాగి అని చెప్పింది డాక్టరమ్మే. ఆసుపత్రిలో నళిని అనే తెలుగు డాక్టరు. తెలుగు మాట వినగానే రాజనర్సు ఆమె చేతులు పట్టుకున్నంత పని చేశాడు. ఆమె నెమ్మదిగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. కడుపులోకి రాగి పోయింది, చాలా పోయింది, లివరు తాగుడుతో ముందే పాడైంది కాబట్టి తట్టుకోవడం కష్టం. ఏ పాత్రల్లో వండారు, ఏ పాత్రల్లో నిలవ ఉంచారు అని అడిగింది. ఆ మాటకి అక్కడ నిలబడ్డ నలుగురికీ ఒకేసారి ఒకే వస్తువు గుర్తుకొచ్చింది. గంగవ్వ పెరుగు తోడేసే ఇత్తడి గిన్నె. పులుపుకి చిలుము పట్టి ఉంటుంది. పరుశురాం అక్కడే ఉన్నాడు. అతనికీ ఆ గిన్నే గుర్తుకొచ్చింది. అది నిజం. ముందు గిన్నే గుర్తుకొచ్చింది, ఆ తర్వాతే డబ్బా గుర్తుకొచ్చింది. రెండింటి మధ్య ఉన్న ఆ క్షణంలో తాను నిర్దోషి. ఆ క్షణంలోకి తిరిగి వెళ్లి కూర్చోవడానికి చాలాసార్లు ప్రయత్నించాడు.

డబ్బా సంతోషిది.

అతని భార్య ఇంట్లో కూర్చుని చీరల అట్టపెట్టెలు అతికిస్తుంది. సలాబత్‌పురా చీరల బజారు నుంచి టెంపోలో అట్టలు వస్తాయి, పెట్టెలై వెళ్తాయి. చాలామంది డబ్బా గమ్ము వాడతారు. మగ్గాల ఇళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు మాత్రం మైదాతో లై ఉడికించుకుంటారు. ఉత్త లై పెడితే బొద్దింకలు అట్టని కొరుకుతాయి, వానాకాలం బూజు పడుతుంది. అందుకని మైలుతుత్తం కలుపుతారు, నీలంగా ఉండే రాగి ఉప్పు. ఊళ్లో వాళ్ల అమ్మలు నూలు గంజిలో కలిపేవాళ్లు, వీళ్లు లైలో కలుపుతున్నారు. సంతోషి ఎప్పుడూ పొయ్యి మీద లై ఉడికేటప్పుడే వేసేది. ఆ వారం పెట్టెలు ఎక్కువ వచ్చాయి. రోజూ దంచడం ఎందుకని ఒకేసారి పెనం మీద వేయించి దంచి, డబ్బాలో పిండి మీద పోసి, పొద్దున్నే కలుపుకోవచ్చని మూత పెట్టింది. వేయిస్తే మైలుతుత్తం నీలం పోయి తెల్లబడుతుంది. మైదా మీద మైదా పోసినట్టే ఉంటుంది. తడి తగిలితేనే మళ్లీ రంగు బయటికి వస్తుంది.

ఆ పొద్దున సచిన్ బస్సు రాలేదు. బండి చుట్టూ జనం ఆగిపోయారు, తెచ్చిన పిండి ఏడు గంటలకే అయిపోయింది. పరుశురాం గంగవ్వ దగ్గర్నుంచి మళ్లీ పెరుగు తెప్పించాడు. గిన్నె అడుగున మిగిలిన పెరుగు ఆమె స్వయంగా మోసుకొచ్చి పోసింది. మైదా కోసం ఇంట్లోకి వెళ్తే బస్తా ఖాళీ. దుకాణం తెరవలేదు. సంతోషి నల్లా దగ్గర ఉంది. ఆమె డబ్బాలోంచి నాలుగు గిద్దెలు ముంచుకున్నాడు. పైపొర.

అంతే కదా. పిండి పిండే. ఆమె ఎప్పుడూ ఉడికేటప్పుడే కలుపుతుంది. తెలియక చేసిన పని. ఇక్కడిదాకా ఎవరి ముందైనా చెప్పగలడు. ఈ కథని మనసులో రాజనర్సుకి ఎన్నోసార్లు చెప్పాడు. ఒకసారి రాజనర్సు లేచి కొట్టాడు, ఒకసారి ఏడ్చాడు, ఒకసారి పోనీ తమ్మీ అన్నాడు. ప్రతిసారీ కథ ఇక్కడే ఆగుతుంది. ఇక్కడ ఆగితేనే అది కథ.

"ఏంది తమ్మీ, తలకు చెయ్యి పెట్టుకొని కూసున్నవ్?" రాజనర్సు బంతి మధ్య నడుస్తూ అతని దగ్గర ఆగాడు. గుండు గీయించుకున్న తల మీద చెమట మెరుస్తోంది. వంగి భుజం మీద చెయ్యి వేశాడు. "నీ పేరు గూడ ఖరాబు చేసింది ముసల్ది. మనసుల పెట్టుకోకు. వడ్డించినంక కడుపునిండ తిను."

పరుశురాం తల ఊపాడు. ఈ చెయ్యి భుజం మీద పడటం ఇది మొదటిసారి కాదు. మొండయ్య పోయిన మూడోరోజే, అందరూ చూస్తుండగా, రాజనర్సు బండి దగ్గరికి వచ్చి మొదటి బజ్జీ తానే తిన్నాడు. కొత్త బస్తా మైదా, ప్యాకెట్ పెరుగు. రాజనర్సు నమిలాడు, మింగాడు, చేతులు దులుపుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత ఎవరికీ అనుమానం మిగల్లేదు. మారింది పెరుగు ఒక్కటే కదా అన్నారు. బస్తా కూడా మారిందని ఎవరికీ తోచలేదు, బస్తాలు రోజూ మారుతూనే ఉంటాయి. ఆ రోజు పరుశురాంకి కలిగింది భయం కాదు. అది అతను ఒప్పుకోడానికి ఇష్టపడని విషయం. అతనికి కలిగింది హాయి. చిన్నప్పుడు జ్వరంలో ఉన్నప్పుడు అందరూ చుట్టూ చేరి ఏం తింటావురా అని అడిగితే కలిగేలాంటి హాయి.

మైదాకి రుచి లేదు, వాసన లేదు. గోధుమ గింజలోంచి పొట్టు తీసి, మొలక తీసి, రంగు తీసి, చివరికి మిగిలిందాన్ని బస్తాకెత్తుతారు. ఇక్కడివాళ్లు మేందో అంటారు. ఎవరు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. బేకరీవాడి చేతిలో ఖారీ అయి పొరలు పొరలుగా విడిపోతుంది. నాన్‌ఖటాయి అయి నోట్లో ఇసకలా రాలుతుంది. పెరుగు పోసి కొడితే ఉబ్బుతుంది, నీళ్లు పోసి ఉడికిస్తే అట్టల్ని అతికిస్తుంది. వద్దనడం దానికి రాదు. ఐదేళ్లుగా తెల్లవారుజామునే దాన్ని పిసుకుతూ, దానిలో అతనికి నచ్చింది ఇదేనని ఈమధ్యే తెలిసింది. మగ్గం మాట వినదు, దారం తెగుతుంది, చెవులు పోతాయి. మైదా మాట వింటుంది.

ఉప్పు వచ్చింది. తర్వాత అన్నం గంపతో సంతోషి వచ్చింది.

ఆడవాళ్లు వంగి వడ్డిస్తున్నారు. సంతోషి గోళ్ల సందుల్లో ఎండిన లై తెల్లగా ఉంది. అతని ఇస్తారిలో అన్నం పెట్టి, అతని వైపు చూడకుండా, గోపాల్ ఇస్తారి దగ్గరికి జరిగింది. ఇంట్లో కూడా అంతే. ఆ రోజు మధ్యాహ్నం మొండయ్యని ఆటోలో ఎక్కించి తీసుకెళ్లాక అతను ఇంటికొస్తే, డబ్బా కడిగి గడప దగ్గర బోర్లించి ఉంది. అతను దాన్ని చూశాడు. అతను చూడటం ఆమె చూసింది. ఏడు రోజులు ఆ సంగతి ఎత్తలేదు. ఎనిమిదో రోజు పెట్టెలు అతికిస్తూ, తల ఎత్తకుండానే అంది: "కలిపింది నేను. ముంచింది నువ్వు. ఎవల్ది అంటవ్?"

ఆమె ఇంకో అట్ట మడిచింది.

అప్పట్నుంచి అతనికి ఇంకో వాదన దొరికింది. తాను నోరు విప్పితే ఆమె పేరు వస్తుంది. పోలీసులు మళ్లీ వస్తారు. మొదటిసారి వచ్చినవాళ్లు ఇత్తడి గిన్నె ఫోటో తీసుకుని, ఏదో రాసుకుని వెళ్లిపోయారు. ఈసారి ఆమెని పిలుస్తారు. కాబట్టి తన మౌనం తన కోసం కాదు. ఇది గొప్పగా అనిపించింది. ఒక రాత్రంతా దీని మీద నిద్రపోయాడు కూడా. తెల్లారి బండి తోసుకుంటూ వెళ్తుంటే, ఆమెని కాపాడుతున్నానన్న ఆలోచన మొదటిసారి వచ్చింది ఎనిమిదో రోజున కదా, మరి ముందు ఏడు రోజులు ఎవరిని కాపాడాడు అని ఎవరో అడిగినట్టయింది. బండి చక్రం గుంతలో పడింది, నూనె ఒలికింది. ఆ ఒలికిన నూనె గురించి ఆ పూటంతా బాధపడ్డాడు.

పప్పు పోశారు. పక్కన గోపాల్ తింటున్నాడు, నోటినిండా పెట్టుకుని, చావు తప్పించుకున్న మనిషి తిన్నట్టు.

గంగవ్వ అతని బండి దగ్గరికి వచ్చింది నిన్ననే. మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు. ఆమె భర్త కూడా మగ్గాల మీదే పోయాడు, పిల్లలు లేరు. తబేలా నుంచి పాలు తెచ్చి, తోడేసి, ఇంటింటికీ పోసి బతుకుతుంది. గిన్నెకి కళాయి ఉందని మొదట్లో అందరికీ చూపించింది. గుమ్మాల ముందు నిలబడి గిన్నె వంచి లోపలి తెలుపు చూడమంది. ఎవరూ వంగి చూడలేదు. నిన్న గిన్నె తేలేదు. బండి పక్కన కింద కూర్చుంది. అతను మూకుడు తోముతూ ఉండిపోయాడు.

"పరశీ," అంది. "ఆ పొద్దు పెరుగు నీ చేతిల పడ్డది గద. తేడా ఏమన్న కొట్టిందా బిడ్డా? వాసన గిట్ల?"

అతను మూకుడు తిప్పి రెండో వైపు తోమాడు.

"కళాయి ఉన్నదనే అనుకున్న. మొన్న ఎలుగుల చూస్తే అంచు కాడ జర పోయినట్టు కొట్టింది. అడుగున గూడ పోయిందో ఏమో, నా కండ్లకు ఏం అగుపడ్తది. నిజం చెప్పు. నేనేమనుకోను. తెలిస్తే నిద్రన్న పడ్తది."

"యాదికి లేదవ్వా," అన్నాడు అతను.

ఆమె తల ఊపి లేచింది. లేచి, అదేం పెద్ద విషయం కాదన్నట్టు, మూకుడు మీద అంటుకున్న మాడుని చూపించి బూడిద వేసి తోమమని చెప్పి వెళ్లింది.

ఆమె వెళ్తుంటే వెనక నుంచి చూశాడు. తన లోపల ఇన్నాళ్లూ ఉన్నదేదో లేచి ఆమెతో నడుస్తున్నట్టు అనిపించింది. ఇప్పుడు దాన్ని మోసేది ఆమె. రాత్రుళ్లు లేచి కూర్చునేది ఆమె. గిన్నె అంచు వెలుతురులో పెట్టి, ఉందా పోయిందా, ముందే చూశానా చూడలేదా అని తనని తాను ప్రశ్నించుకునేది ఆమె. అచ్చం తాను వాడే మాటలే. అవి ఆమెకి ఎలా చేరాయి? భారం దిగితే తేలికవ్వాలి. అవ్వలేదు. అదే బరువు ఇద్దరి దగ్గరా ఉంది, ఎవరి దగ్గరా తగ్గలేదు. ఆమె దగ్గరున్నది మాత్రం అబద్ధం.

చూశానా, చూడలేదా.

చూశాడు.

అన్నం మీద వేళ్లు ఆగిపోయాయి. చూశాడు. బల్బు వెలుగు కాదు, అప్పటికే తెల్లారింది, బల్బు ఆర్పేశాడు కూడా. పదకొండు రోజులుగా వెలిగిస్తున్నది ఆరిపోయిన బల్బుని. రెండు వాయిలు తీశాక గిన్నె అంచున నురుగు నీలంగా కనిపించింది, తెల్లబట్టలకి నీలిమందు పెట్టిన నీళ్లలా. వేలితో తీసి చూశాడు. పిండి అప్పటికే చేతికి వేరుగా తగులుతోంది, ఉబ్బడం మానేసి నీరు కారుతోంది. సంతోషి డబ్బా, మైలుతుత్తం, రెండూ ఒక్కసారే తలకెక్కాయి. ఎవరూ చూడకుండా గిన్నె వంచి మిగిలిన పిండంతా మోరీలో పోశాడు. పోసి, నీళ్లు కొట్టాడు. ఎందుకు పోస్తున్నాడో ఆ చేతులకి తెలుసు.

అప్పటికి మిగతావాళ్లు తిని రోడ్డు మీదికి వెళ్లిపోయారు. మొండయ్య ఒక్కడే ఉన్నాడు, ఆరు తిన్నాడు, ఖాళీ కాగితం చాపాడు. "ఇంకో రెండెయ్యి తమ్మీ, ఇయ్యాల బస్సు వచ్చేటట్టు లేదు."

జల్లిగంటెలో రెండు మిగిలాయి. ఇవ్వకపోతే ఎందుకివ్వవని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. చెప్తే రోడ్డు మీదున్న వాళ్లందరికీ వినపడుతుంది. కొంచమే కదా, ఏం కాదులే అన్నది కూడా అప్పుడు రాలేదు, అది తర్వాత వచ్చింది. అప్పుడు వచ్చింది సిగ్గు మాత్రమే. పిండిలో పొరపాటు చేశానని నలుగురి ముందు అనడానికి సిగ్గు. ఆ రెండూ కాగితంలో వేశాడు. చట్నీ కూడా వేశాడు.

ఇదీ కథ ఆగని చోటు. డబ్బా సంతోషిది, ముంచడం పొరపాటు, రాని బస్సు ఎవరి తప్పూ కాదు. ఆ రెండు బజ్జీలకి మాత్రం తాను తప్ప ఎవరూ లేరు. ఆరుతో బతికేవాడేమో. ఎనిమిదితో పోయాడేమో. డాక్టరమ్మ కూడా చెప్పలేదు.

శేఠ్ సాసర్ కింద పెట్టి గడియారం చూసుకున్నాడు. ఆయనకి వేరే పని ఉందట. రాజనర్సు ఒక్క క్షణం బంతుల వైపు చూశాడు, ఇంకా మాంసం రెండో చుట్టు రాలేదు. అయినా గంగవ్వ వైపు తిరిగి చెయ్యి ఊపి పిలిచాడు.

తింటున్నవాళ్లు తినడం ఆపలేదు, నమలడం మాత్రం నెమ్మదించారు. గంగవ్వ ఎండలోంచి షామియానా కిందికి వచ్చింది. ఎర్రటి నీడలో ఆమె ముఖం కూడా అందరి ముఖాల్లాగే అయింది. ఫోటో ముందు ఆగి ఒకసారి చూసింది. తర్వాత రాజనర్సు ముందుకి వచ్చి కొంగు నడుముకి చెక్కుకుంది. మోకాళ్లు సహకరించక ముందు ఒక చెయ్యి నేలకి ఆనించింది, రెండో చెయ్యి ఆనించడానికి వంగుతోంది. ఆమె పెదాలు అప్పటికే కదులుతున్నాయి, ఇంటి దగ్గర చెప్పుకుని వచ్చిన మాట.

ఆమెకి ఆ మాట నిజం. అన్నాక ఇక ఎప్పటికీ నిజమే.

బంతి లేవకముందే పరుశురాం లేచాడు.

"ఏందే, కూసో," గోపాల్ అతని ప్యాంటు పట్టుకుని లాగాడు. "ఇంకెవలు లేవలే."

దూరంగా, అన్నం గంప చంకన పెట్టుకుని సంతోషి నిలబడిపోయింది. ఈసారి అతని వైపే చూస్తోంది. వద్దంటోందో, కానీమంటోందో అతనికి అర్థం కాలేదు, అర్థం చేసుకోడానికి ఆగలేదు. ఎంగిలి చెయ్యి దూరంగా పట్టుకుని, ఇస్తారి దాటి, రాజనర్సుకీ గంగవ్వకీ మధ్యకి వచ్చాడు. ఎడమ చేత్తో గంగవ్వ మోచెయ్యి పట్టి పైకి లేపాడు.

"పెరుగు మంచిదేనన్నా," అన్నాడు.